యుద్ధం మధ్యలో యూనియన్: సైగాన్ కార్మిక సంఘం అమెరికా కీలుబొమ్మేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో చెబుతాను. దక్షిణ వియత్నాంలోని పెద్ద కార్మిక సంఘం అమెరికా డబ్బుతో నడిచిందని మీరు ఒకచోట చదివారు. అదే సంఘం 1964లో సైగాన్ నగరాన్ని స్తంభింపజేసిందని ఇంకోచోట చదివారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి, అది కార్మికుల సంఘమా, అమెరికా కీలుబొమ్మా అన్నది మీ సందేహం. ఉత్తర వియత్నాంలో సంఘాల పరిస్థితి ఏమిటని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే రెండూ నిజమే. పైన నాయకత్వం అమెరికన్ల మీద, సైగాన్ ప్రభుత్వం మీద ఆధారపడింది. కింద రేవుల్లో, మిల్లుల్లో, రబ్బరు తోటల్లో సభ్యులు అదే సంఘాన్ని తమ జీతాల కోసం గట్టిగా వాడుకున్నారు. కీలుబొమ్మ అంటే ఆడించినట్టు ఆడాలి. ఈ సంఘం చాలాసార్లు అలా ఆడలేదు. అయితే ఆధారపడటం తెచ్చే నష్టం చివరికి వచ్చే తీరింది. ఎలా వచ్చిందో చూస్తేనే ఈ చరిత్ర అర్థమవుతుంది.

నేను చాలా ఏళ్లు విశాఖలో రేవు పనివాళ్ల యూనియన్‌లో బాధ్యతలు చూశాను. ఇప్పుడు కొత్త కార్యకర్తలకు కార్మికోద్యమ చరిత్ర తరగతులు చెబుతున్నాను. ఆ తరగతుల్లో వియత్నాం తప్పకుండా వస్తుంది. మా తరంవాళ్లం ‘నీ పేరు వియత్నాం, నా పేరు వియత్నాం’ అన్న నినాదం వింటూ పెరిగాం. కానీ ఆ నినాదం చేసినవాళ్లలో సైగాన్ రేవు కార్మికుడు ఆ రోజుల్లో ఏం చేస్తున్నాడో తెలిసినవాళ్లు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వెనక్కి వెళ్లాలి. అక్కడి కార్మికోద్యమం అమెరికన్లతో మొదలవలేదు. ఫ్రెంచి పాలనలోనే, చట్టబద్ధమైన యూనియన్ అనేది లేని రోజుల్లోనే సమ్మెలు జరిగాయి. 1925 ఆగస్టులో సైగాన్‌లోని బా సోన్ నౌకా మరమ్మతు కేంద్రంలో పని ఆగింది. చైనా వైపు వెళ్లాల్సిన ఒక ఫ్రెంచి యుద్ధనౌక మరమ్మతు దానివల్ల ఆలస్యమైంది. ఆ ఉద్యమంతో పేరు ముడిపడిన టోన్ డక్ థాంగ్ తర్వాత పులో కొండోర్ ద్వీపం జైల్లో దాదాపు పదిహేనేళ్లు గడిపి, హో చి మిన్ మరణం తర్వాత 1969లో ఉత్తర వియత్నాం అధ్యక్షుడయ్యాడు. 1930లో ఫూ రియెంగ్‌లోని మిషెలిన్ కంపెనీ రబ్బరు తోటలో కూలీలు తిరగబడ్డారు. 1936 నవంబర్‌లో ఉత్తరాన హోన్ గాయ్, కామ్ ఫా బొగ్గు గనుల్లో వేలాది మంది సమ్మె చేశారు. ఆ సమ్మె మొదలైన నవంబర్ 12ను అక్కడి గని కార్మికులు ఇప్పటికీ తమ దినంగా జరుపుకుంటారు.

యూనియన్లకు చట్టపరమైన గుర్తింపు 1952లో, ఫ్రెంచివాళ్ల అండతో నడిచిన బావో దాయ్ ప్రభుత్వం కింద వచ్చింది. అప్పుడు బయటికి వచ్చినదే మీరు చదివిన సంఘం. మొదట దాని పేరు క్రైస్తవ కార్మికుల సమాఖ్య. ఫ్రాన్స్‌లోని క్రైస్తవ యూనియన్ల సాయంతో పుట్టింది. 1964లో ‘క్రైస్తవ’ తీసేసి వియత్నాం కార్మిక సమాఖ్య అయింది. మూడు అక్షరాల్లో సీవీటీ అనేవారు. దాని నాయకుడు ట్రాన్ క్వోక్ బూ. క్రైస్తవ సంఘానికి నాయకుడైనా ఆయన బౌద్ధుడు. ఫ్రెంచివాళ్లకు వ్యతిరేకంగా పనిచేసినందుకు ఆయన కూడా పులో కొండోర్ జైలుకు వెళ్లాడు. అంటే దక్షిణాది యూనియన్ నాయకుడు, ఉత్తరాది అధ్యక్షుడు ఇద్దరూ ఆ ద్వీపంలో శిక్ష అనుభవించినవాళ్లే. బూను ‘అమెరికా తయారుచేసిన మనిషి’ అని కొట్టిపారేసేవాళ్లకు నేను ముందుగా చెప్పే సంగతి ఇదే. ఆయన రాజకీయం ఫ్రెంచి జైల్లో గట్టిపడింది, వాషింగ్టన్‌లో కాదు.

మరి అమెరికన్లు ఎక్కడ వచ్చారు? 1954లో జెనీవా ఒప్పందంతో దేశం రెండైంది, అదే ఏడాది దక్షిణాన న్గో దిన్ డియెమ్ అధికారంలోకి వచ్చాడు. డియెమ్ తమ్ముడు న్హూకు కార్మిక సంఘాల్లో పట్టుండేది. వాళ్ల పార్టీ పేరులోనే శ్రమ అన్న మాట ఉంది. బూ మొదట్లో వాళ్లతో కలిసి నడిచాడు, తర్వాత దూరమయ్యాడు. సొంత ప్రభుత్వం ఏ రోజైనా మూసేయగల సంఘానికి బయటి అండ కావాలి. ఆ అండ అమెరికాలోని అతి పెద్ద కార్మిక సమాఖ్య ఏఎఫ్‌ఎల్-సీఐఓ నుంచి, దాని అధ్యక్షుడు జార్జ్ మీనీ నుంచి వచ్చింది. మీనీ కరడుగట్టిన కమ్యూనిస్టు వ్యతిరేకి. ప్రభుత్వానికి గానీ పార్టీకి గానీ లోబడని ‘స్వేచ్ఛా యూనియన్’ ఆసియాలో ఉందని చూపించడానికి ఆయనకు బూ కావాలి. తనను జైల్లో వేస్తే సైగాన్ మీద ఒత్తిడి తెచ్చే మనిషి బూకు కావాలి.

1968లో ఏఎఫ్‌ఎల్-సీఐఓ ఆసియా కోసం ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టింది. దాని ఖర్చులో ఎక్కువ భాగం అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ నుంచి వచ్చింది. ఆ సంస్థ సీవీటీకి శిక్షణ, డబ్బు, సరంజామా ఇచ్చింది. ‘ప్రభుత్వానికి లోబడని యూనియన్’ అన్న మాట ఇక్కడే దెబ్బతింది. డబ్బు యుద్ధం చేస్తున్న ప్రభుత్వానిది, పంపేది యూనియన్ పేరుతో.

ఇప్పుడు రెండో సగం. అండ ఇచ్చినవాళ్లు కోరుకున్నట్టు ఈ సంఘం కుదురుగా ఉందా అంటే, లేదు.

1964 ఆగస్టులో అప్పటి దక్షిణాది సైనిక పాలకుడు జనరల్ న్గుయెన్ ఖాన్ అత్యవసర పరిస్థితి ప్రకటించి సమ్మెలను నిషేధించాడు. అదే ఏడాది విమిటెక్స్ అనే బట్టల మిల్లులో గొడవ నడిచింది. సెప్టెంబర్ 21న సీవీటీ సాధారణ సమ్మెకు దిగింది. సైగాన్‌లో కరెంటు, నీళ్లు, బస్సులు ఆగాయి. అమెరికా తన యుద్ధాన్ని పెంచడానికి సిద్ధమవుతున్న నెలలవి. అమెరికా యుద్ధానికి సాకుగా చూపిన టోంకిన్ సింధుశాఖ నౌకా ఘటన జరిగి రెండు నెలలైనా కాలేదు. అలాంటి సమయంలో రాజధానిలో దీపాలు ఆర్పేసిన సంఘాన్ని కీలుబొమ్మ అనలేం. ఖాన్ ప్రభుత్వం బూను ఊరికే వదల్లేదు. సెప్టెంబర్ 13న జరిగిన విఫల తిరుగుబాటులో పాత్ర ఉందని కేసు పెట్టింది. ఆ కేసు నిలవలేదు.

1965 మార్చిలో అమెరికన్ మెరైన్లు దా నాంగ్‌లో దిగారు. 1969 నాటికి అక్కడి అమెరికన్ సైనికుల సంఖ్య 5 లక్షల 40 వేలు దాటింది. అంతమందికి తిండి, సిమెంటు, పెట్రోలు, తూటా అన్నీ సముద్రం మీదుగా రావాలి. అందుకే ఆ యుద్ధంలో రేవు కార్మికుడికి వచ్చిన బలం మామూలుది కాదు. 1965, 66లలో సైగాన్ రేవు కిక్కిరిసిపోయి ఓడలు వారాల తరబడి బయట లంగరు వేసుకుని ఉండేవి. రేవులో పనిచేసినవాళ్లకు దీని అర్థం వెంటనే తెలుస్తుంది. ఓడ ఆగిన ప్రతి రోజుకూ డెమరేజ్, అంటే ఆలస్యపు రుసుము ఎక్కుతుంది. ఒక జట్టు కళాసీలు ఒక్క షిఫ్టు పని మానేస్తే వెనకాల వరుస మొత్తం జరుగుతుంది. మామూలు రోజుల్లోనే మేనేజ్‌మెంటుకు అది టెన్షన్. యుద్ధంలో అయితే జనరల్‌కే టెన్షన్.

అందుకే సైన్యం తన దారి తాను వెతుక్కుంది. 1966 డిసెంబర్‌లో సైగాన్ రేవులో కొంతమంది వియత్నామీ కార్మికులను తప్పించి, దిగుమతి పనిలో అమెరికన్ సైనికులను పెట్టారు. దాంతో వేలాది మంది రేవు కార్మికులు పని ఆపేశారు. ఇక్కడ గమనించాల్సింది ఎవరి మీద సమ్మె అన్నది. అది సైగాన్ ప్రభుత్వం మీద కాదు, నేరుగా అమెరికన్ సైన్యం మీద. చేసింది అమెరికన్ యూనియన్ల సాయం అందుకుంటున్న సంఘం సభ్యులు.

నా అనుభవంలో కాంట్రాక్టు కార్మికులను దించి పర్మినెంటు వాళ్ల పని లాక్కోవాలని చూసిన సందర్భాలు ఉన్నాయి. గేట్ మీటింగ్ పెడితే అప్పటిదాకా చందా కూడా కట్టనివాళ్లు ముందు వరుసలో నిలబడేవారు. జీతం పెంపు గురించి వాదించుకోవచ్చు, వాయిదా వేసుకోవచ్చు. నీ స్థానంలో ఇంకొకణ్ని నిలబెడితే మాత్రం వాదన ఉండదు. సైగాన్‌లో జరిగిందీ అదే అనుకుంటాను. అక్కడ బూ మాట వినాలా, మీనీకి కోపం వస్తుందా అని ఆలోచించే తీరిక ఏ కళాసీకీ ఉండదు.

జీతాల సంగతీ చూడాలి. డాలర్లు వచ్చి పడటంతో సైగాన్‌లో అద్దెలు, బియ్యం ధర విపరీతంగా పెరిగాయి. 1966 జూన్‌లో అక్కడి కరెన్సీ పియాస్ట్ర్ విలువను దాదాపు సగానికి తగ్గించారు. సైనిక స్థావరాలు, విమానాశ్రయాలు, కామ్ రాన్ లాంటి రేవులు కట్టిన అమెరికన్ నిర్మాణ కంపెనీల కూటమిలో 1966లో దాదాపు 50 వేల మంది పనిచేశారు. అందులో ఎక్కువమంది వియత్నామీలే, ఆడవాళ్లూ చాలామంది. పక్కనే పనిచేసే ఫిలిప్పీన్స్, కొరియా మనుషులకు వాళ్లకంటే చాలా ఎక్కువ జీతం. తన దేశంలో, తన ఊళ్లో, ఒకే పనికి తక్కువ కూలి తీసుకోవడం ఎవరికైనా మండే విషయమే. ఆ స్థావరాల్లో గొడవలు ఎందుకు ఆగలేదో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక 1968 జనవరి. సైగాన్ విద్యుత్ కార్మికులు జీతాల కోసం సమ్మెకు దిగారు. ఇతర రంగాలవాళ్లు సంఘీభావంగా కలిశారు. అప్పటి దక్షిణాది అధ్యక్షుడు న్గుయెన్ వాన్ థియూ ప్రభుత్వం నాయకులను అరెస్టు చేసింది. ఆ నెలాఖరుకే టెట్ పండుగ రోజుల్లో కమ్యూనిస్టు దళాలు దక్షిణాదిలో చాలా నగరాల మీద ఒక్కసారిగా దాడి చేశాయి. ఆ తర్వాత సైనిక శాసనం కింద యూనియన్ నాయకుల మీద ‘మీలో కమ్యూనిస్టులున్నారు’ అన్న అనుమానంతో మళ్లీ అరెస్టులు జరిగాయి. అదే జూన్‌లో సాధారణ సైనిక సమీకరణ చట్టం వచ్చింది. 18 నుంచి 38 ఏళ్ల మగవాళ్లు సైన్యంలోకి వెళ్లాలి.

ఈ చట్టం యూనియన్ మీద చూపిన ప్రభావాన్ని తక్కువగా చూడకండి. సమ్మె చేస్తే మన దగ్గర చార్జిషీటు, సస్పెన్షన్, మహా అయితే ఎస్మా కింద కేసు. అక్కడ ఉద్యోగం పోయిన యువకుడి చేతికి తుపాకీ వస్తుంది. ఉద్యోగం ఉన్నందువల్లే సైన్యానికి వెళ్లకుండా ఉన్నవాడు సమ్మె తీర్మానానికి చెయ్యెత్తేముందు ఎంత ఆలోచిస్తాడో ఊహించుకోండి. టెట్ తర్వాత సీవీటీ మెత్తబడిందని విమర్శించేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

సీవీటీ నగరాలకే పరిమితం కాలేదు. రబ్బరు తోటల కూలీలు, కౌలు రైతుల సమాఖ్యలు దాని కింద పెద్దవి. 1970 మార్చి 26న ‘దున్నేవాడికే భూమి’ చట్టం వచ్చినప్పుడు దాన్ని గట్టిగా సమర్థించినవాళ్లలో ఈ కౌలు రైతు సంఘం ఉంది. ఆ చట్టం ఎందుకొచ్చింది అంటే, పల్లెల్లో కమ్యూనిస్టుల నాయకత్వంలోని జాతీయ విముక్తి ఫ్రంట్ అప్పటికే భూములు పంచుతూ రైతులను తన వైపు తిప్పుకుంది కాబట్టి. అంటే సైగాన్ ప్రభుత్వం ఇచ్చినదాని వెనక ఎదుటి పక్షం భయం ఉంది. కార్మికులకు వచ్చినవాటి వెనక కూడా చాలాసార్లు అదే ఉంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఉత్తర వియత్నాం.

ఉత్తరాన ఒకే ఒక సంఘం. 1929 జులై 28న హనోయ్‌లో ఏర్పడిన ఎర్ర యూనియన్‌ను దాని మూలంగా చెప్పుకుంటారు. 1957లో హో చి మిన్ సంతకంతో యూనియన్ చట్టం వచ్చింది. 1965 నుంచి బాంబులు పడుతున్నప్పుడు ఆ సంఘం చేసిన పని వేరు. యంత్రాలు విప్పి అడవుల్లోకి తరలించడం, ఫ్యాక్టరీల్లో ఆత్మరక్షణ దళాలు నిలబెట్టడం, మగవాళ్లు యుద్ధానికి వెళ్తే వాళ్ల యంత్రాల దగ్గర ఆడవాళ్లకు పని నేర్పడం. ‘ఒక చేత సుత్తి, ఒక చేత తుపాకీ’ అన్నది ఆ రోజుల నినాదం. 1967లో థాయ్ న్గుయెన్ ఉక్కు కర్మాగారం మీద బాంబులు వేసినప్పుడు కూడా కార్మికులు దాన్ని వదిలిపోలేదు. ఆ మనుషుల త్యాగం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కానీ యూనియన్‌గా చూస్తే, మేనేజ్‌మెంటుకు డిమాండ్ నోటీసు ఇచ్చే సంఘం కాదది. ఉత్పత్తి లక్ష్యాలు చేరడానికి కార్మికులను కదిలించే సంఘం. నాయకత్వాన్ని పార్టీ నిర్ణయించేది. సమ్మె అన్న మాటే రాలేదు.

కాబట్టి ‘దక్షిణాదిది నకిలీ యూనియన్, ఉత్తరాదిది అసలు యూనియన్’ అనే లెక్క నేను ఒప్పుకోను. దానికి తిరగేసిన లెక్కా ఒప్పుకోను. ఉత్తరాన యూనియన్‌కు దేశమంతా ఒప్పుకున్న లక్ష్యం ఉంది, మేనేజ్‌మెంటుతో బేరమాడే చోటు లేదు. దక్షిణాన బేరమాడే చోటు కొంత ఉంది, తమదని జనం నమ్మే ప్రభుత్వం లేదు. ఏది పెద్ద లోటు అన్నది మీ రాజకీయాన్ని బట్టి ఉంటుంది. నా మట్టుకు, యూనియన్‌ను కొలిచేటప్పుడు బేరమాడే చోటుకే ఎక్కువ బరువిస్తాను.

ఇది వియత్నాంకే ప్రత్యేకం కాదు. మన దగ్గర 1942 తర్వాత కమ్యూనిస్టు పార్టీ రెండో ప్రపంచ యుద్ధాన్ని ప్రజాయుద్ధం అన్నప్పుడు, కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీలోని దాని నాయకులు ఉత్పత్తి ఆగకూడదని సమ్మెలకు దూరంగా ఉన్నారు. 1962 నవంబర్‌లో చైనా యుద్ధం నడుస్తుండగా యజమానులు, కేంద్ర యూనియన్లు కలిసి పారిశ్రామిక సంధి తీర్మానం చేశారు. పని ఆపకూడదన్నది అందులో మొదటి మాట. ధరలు మాత్రం ఆ సంధిని పాటించలేదు. యుద్ధంలో ఏ దేశపు యూనియన్‌కైనా ఈ ఒత్తిడి తప్పదు. అమెరికాలో కూడా మీనీ యుద్ధాన్ని సమర్థిస్తుంటే 1967 నవంబర్‌లో షికాగోలో శాంతి కోసం కార్మిక నాయకులు సభ పెట్టారు. 1968లో వాల్టర్ రూథర్ ఆధ్వర్యంలోని ఆటో కార్మికుల యూనియన్ ఏఎఫ్‌ఎల్-సీఐఓ నుంచి విడిపోయింది. యుద్ధం ఒక్కటే కారణం కాదు గానీ, అదీ ఒక కారణం. 1970 మే 8న న్యూయార్క్‌లో నిర్మాణ కార్మికులు యుద్ధ వ్యతిరేక విద్యార్థులను కొట్టిన ఘటన కూడా ఆ చీలిక నాటిదే.

సీవీటీ చివరికి ఎలా అయిపోయింది? 1969 తర్వాత అమెరికన్లు వెనక్కి వెళ్లడం మొదలైంది. స్థావరాలు మూతపడి ఉద్యోగాలు పోయాయి. బూ థియూకు దగ్గరయ్యాడు. 1973లో కాల్పుల విరమణ కోసం కుదిరిన పారిస్ ఒప్పందం తర్వాత సాయం తగ్గింది, ధరలు ఇంకా పెరిగాయి. ఇక్కడే ఆధారపడటం దెబ్బతీసింది. సంఘం ఖర్చులో సభ్యుల చందాకంటే బయటి డబ్బుకు బరువెక్కువైతే, ఆ డబ్బు తగ్గినప్పుడు సంఘాన్ని నిలబెట్టే అలవాటు సభ్యుల్లో ఉండదు. ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. మా ప్రాంతంలోనే ఒక చిన్న యూనియన్ మేనేజ్‌మెంటు ఇచ్చిన గది, ఫోను, జీతమిచ్చి పెట్టిన గుమాస్తాతో కొన్నేళ్లు హాయిగా నడిచింది. ఇంటింటికీ వెళ్లి చందా అడగడం మానేసింది. కొత్త మేనేజ్‌మెంటు వచ్చి గది ఖాళీ చేయమన్న రోజున గేటు దగ్గరకు నాయకులు తప్ప ఎవరూ రాలేదు. సైగాన్‌లో 1975 ఏప్రిల్‌లో బూ దేశం విడిచి వెళ్లాడు. అంతకుముందు లక్షల్లో సభ్యులున్నారని చెప్పుకున్న సంఘం తరఫున పోరాడటానికి ఎవరూ మిగల్లేదు. కార్మికుల్లో కొందరు అప్పటికే విముక్తి ఫ్రంట్ సానుభూతిపరులు, మిగతావాళ్లు యుద్ధం అయిపోతే చాలనుకున్నవాళ్లు.

1976లో దేశం ఒకటయ్యాక యూనియన్లూ ఒకటయ్యాయి. ఉత్తరాది నమూనానే దేశమంతా వచ్చింది. కానీ దక్షిణాది కార్మికుడి సమ్మె అలవాటు పోలేదు. 2005 చివర, 2006 మొదట్లో హో చి మిన్ నగరం (పాత సైగాన్) చుట్టూ విదేశీ ఫ్యాక్టరీల్లో సమ్మెలు వెల్లువెత్తాయి. అధికారిక యూనియన్ పిలవకుండానే వేల మంది బయటికొచ్చారు. విదేశీ కంపెనీల్లో కనీస వేతనాన్ని ప్రభుత్వం దాదాపు 40 శాతం పెంచింది. 2015 మార్చిలో పౌ యువెన్ బూట్ల ఫ్యాక్టరీలో సుమారు 90 వేల మంది పని మానేశారు. అది జీతం గురించి కాదు, సామాజిక బీమా డబ్బు ఒకేసారి తీసుకునే వీలు తీసేసిన చట్టం గురించి. ఆ ఏడాదే జాతీయ అసెంబ్లీ వెనక్కి తగ్గింది. 2021 నుంచి అమలవుతున్న కొత్త కార్మిక చట్టంలో ఫ్యాక్టరీ స్థాయిలో అధికారిక యూనియన్‌కు బయట కార్మిక ప్రతినిధి సంస్థలకు చోటిచ్చారు. యూరప్‌తో వాణిజ్య ఒప్పందం కోసం ఇచ్చిన హామీల ఒత్తిడి అందులో ఉంది.

మీరు దీని మీద ఇంకా చదవాలనుకుంటే ఒక పద్ధతి చెబుతాను. ఒక కాగితం మీద ఎడమ వైపు యుద్ధం తేదీలు, కుడి వైపు సమ్మెల తేదీలు రాసుకోండి. 1964 ఆగస్టు, సెప్టెంబర్. 1966 జూన్, డిసెంబర్. 1968 జనవరి, జూన్. తర్వాత ప్రతి సమ్మెకూ మూడు ప్రశ్నలు వేయండి. పని ఆపింది ఎవరు? నష్టపోయింది ఎవరు? నాయకుల విడుదల కోసం ఎవరు ఎవరి దగ్గరకు వెళ్లారు? మూడో ప్రశ్నకు జవాబు దాదాపు ప్రతిసారీ అమెరికా వైపే చూపిస్తుంది. మొదటి రెండూ మాత్రం అలా చూపించవు. సెమినార్‌కు రాస్తుంటే ఈ మూడింటినీ కలిపేయకుండా విడివిడిగా రాయండి. 1966 రేవు సమ్మె గురించి ఇంకేమైనా సందేహముంటే కింద అడగండి, ఆ పని నాకు తెలిసిన పని కాబట్టి వివరంగా చెప్పగలను.